గోడకు పోయిన ఊ

2058 జూలై 14న చేమదుంపల పులుసు తిన్నాం. వీధిలో అందరి ఇళ్లలోలాగే ఆ రోజు మా ఇంటి గోడ కూడా కథలు చెప్పడం మొదలుపెట్టింది. మా ఆవిడ పోయాక నా కథలకు ఊ కొట్టేది మనవరాలు లాస్య ఒక్కతే. ఆ ఊ కూడా గోడకే పోయింది. గోడను చూసి అసూయపడే వయసా అని సిగ్గేసింది, అయినా పడ్డాను.

నిన్న పడుకునే వేళ లాస్య నా గదికొచ్చింది.

"తాతయ్యా, ఆమధ్య నీ కథలో పిచ్చుక ఎందుకు చచ్చిపోయింది? గోడ కథల్లో ఎవరూ చావరు."

"చిన్న కథ కదమ్మా. చావడానికి ఒక్క మాట చాలు. బాగుపడాలంటే బోలెడు రోజులు చెప్పాలి."

"అయితే ఆ రోజులన్నీ చెప్పు. నాకేం తొందర?"

ఈసారి పిచ్చుకను చావనివ్వకుండా, దాని పిల్లల దగ్గర మొదలుపెట్టాను. "ఊ" అంది. అవతల గదిలో గోడ లాస్యను పేరు పెట్టి పిలుస్తోంది. నేను లేచి, చప్పుడు కాకుండా తలుపు మూశాను.