మంచి గడియ

జమ్మలమడుగు ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా విశాలాక్షి లేచి నిలబడుతోంది. లోపల కూతురు సాయిలక్ష్మి తెల్లవారినప్పటి నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. కోసి తీయాల్సిందే.

నర్సు దిల్షాద్‌బీ బయటికొచ్చింది.

“బిడ్డ గుండె కొట్టుకోడం తగ్గిపోతాందమ్మా. కోసే డాక్టరమ్మ ఉంది. మత్తిచ్చే డాక్టరే లేడు. ఆయన లేకుండా కత్తి పట్టగూడదు.”

“యాడికి పోయినాడు?”

“ప్రొద్దుటూరికి, ప్రైవేటు నర్సింగ్ హోంకి. ఎవురో పెద్ద రైతు కోడలంట. నొప్పులు లేవు, ఏమీ లేవు. ముహూర్తం చూసుకోని ఆపరేషన్ చేయిస్తాండారు. అది అయినాకే ఈడికొస్తాడు.”

“పదకొండుంపావుకు,” అన్నాడు విశాలాక్షి భర్త సుబ్బరామయ్య, గోడకానుకొని.

“ఆఁ, అప్పుడే.”

ఇంకా గంట ఉంది. కడపకు తీసుకుపోదామంటే దారిలోనే ఏమన్నా అవుతుందని భయం. ప్రైవేటులో అడిగే డబ్బు వాళ్ళు కలలో కూడా చూడలేదు.

విశాలాక్షికి ఒళ్ళు మండిపోయింది. “ఆ ముహూర్తం పెట్టినోని చేతులు పడిపోను! వానికి కడుపున పుట్టిన పిల్లలు లేరా?”

సుబ్బరామయ్య ఫోన్ తీసుకొని వరండా చివరికి పోయాడు. ఎవరినో బతిమాలుకున్నాడు. అవతలి మనిషి ఎదురుగా ఉన్నట్టే చెయ్యెత్తి దండం పెట్టాడు. తిరిగొచ్చేటప్పటికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“డాక్టరేమన్నాడు?” అంది విశాలాక్షి.

“ఇప్పుడే కానిమ్మన్నా. వాళ్ళు ఒప్పుకోలేదు.”

“ఎట్ల ఒప్పుకుంటారు? లేనోళ్ళ బిడ్డంటే వాళ్ళకు లెక్కా?” అని ఏడ్చింది.

ఎంత పాడు లోకమయ్యా ఇది! కోత అక్కర్లేని కడుపు చుట్టూ డాక్టర్లు. కావాల్సిన కడుపుకు ఒట్టి మంచం. గోడ గడియారానికేం, దాని దారిన అది నడిచింది. సాయిలక్ష్మి అరుపులు సన్నబడ్డాయి.

దిల్షాద్‌బీ మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి ఆమె వాళ్ళ మొహాలు చూడలేకపోయింది.

“బిడ్డ గుండె ఆగిపోయిందమ్మా. తల్లినన్నా కాపాడుకోవల్ల. డాక్టరు ఇప్పుడు బయల్దేరినాడంట.”

విశాలాక్షి కూలబడిపోయింది. అప్పుడే సుబ్బరామయ్య జేబులో ఫోన్ మోగింది. పాత ఫోను, అవతలి మాట వరండా అంతా వినపడుతుంది.

“మీరెందుకో తొందరపడి మార్చమన్నా మేం మార్చలేదు స్వామీ, మొదట మీరు పెట్టిన ముహూర్తానికే పుట్టినాడు మా మనవడు!”