మమకారమనే అధ్యాయం

"కూర్చోండి యాదయ్యా. ఇదే చివరి ఇంటర్వ్యూ," అన్నాడు మధుసూదన్, టీకొట్టు బెంచీ మీద టేప్ రికార్డరు పెడుతూ.

"ఆఖరుదేనా సారు?"

"ఆఖరుదే."

యాదయ్య మరోసారి అదే అడిగి, ఇస్త్రీ చొక్కా నలగకుండా బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. చేతిలోని ప్లాస్టిక్ కవరును ఒళ్లో పెట్టుకున్నాడు.

ఎదురుగా మాదాపూర్ కొత్త అద్దాల మేడ. దానికి ఇటుకలు మోసిన కూలీల్లో యాదయ్య ఒకడు. మేడ పూర్తవుతున్న రోజుల్లో మధుసూదన్ ఇదే బెంచీ మీద అతనితో అన్నాడు: "నలభై మందిలోంచి మిమ్మల్ని సెలెక్ట్ చేశాను యాదయ్యా. నాలుగు ఇంటర్వ్యూలుంటాయి." అది జరిగి ఏడాది దాటింది. యాదయ్య ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు. అంత మంచి మనిషి తనకు దొరకడం అదృష్టమనుకునేవాడు మధుసూదన్.

అతనికి ఉన్న అదృష్టం కూడా అదొక్కటే. సమాజశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి పీహెచ్‌డీ చేస్తానని అనంతపురం నుంచి హుషారుగా వచ్చాడు. అయిదేళ్లలో రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. ఒక గైడు "అన్నీ కథలే, లెక్కలేవయ్యా?" అంటాడు. రెండో ఆయన "అన్నీ లెక్కలే, మనుషులేరయ్యా?" అంటాడు. ఈ నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

ఆ ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్క యాదయ్య విషయంలోనే. తోటివాళ్లంతా పని ఉన్నచోటికి వెళ్లిపోయినా ఇతనొక్కడే ఈ మేడ చుట్టూ ఎందుకు ఉండిపోయాడు? దానికి జవాబు చెబితే థీసిస్ నిలబడుతుందన్నారు. 'కట్టినదాని మీద మమకారం' అని మధుసూదన్ ఒక అధ్యాయమే రాసేశాడు. ఇక యాదయ్య నోటినుంచి ఆ ముక్క రావాలి.

"తెల్లాపూర్ పనికి మేస్త్రీ మళ్లీ పిలిచాడటగా?"

"పిలిచిండు. కూలి గూడ ఎక్కువిస్తనన్నడు. నేనే పోలే."

"ఇంట్లో ఏమన్నారు?"

"నా పెండ్లాం సత్తెమ్మ లొల్లి పెట్టింది. బిడ్డను బడి మాన్పిచ్చినం." యాదయ్య ఒళ్లోని కవరు సర్దుకున్నాడు. "ఇన్ని దినాలు ఆగినం, ఇగ జర ఆగుదమన్న."

మధుసూదన్‌కు బాధేసింది. అయినా పెన్ను మాత్రం ఆపలేదు.

"అంత కష్టపడుతూ ఇక్కడే ఎందుకున్నారు?"

యాదయ్య మేడవైపు చూశాడు. గేటు దగ్గర ఫైళ్లు పట్టుకున్న కుర్రవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు.

"లోపట ఏ మూలకు ఏమున్నదో నాకెర్క సారు. మూడో అంతస్తు మెట్లకు ఇటుకలు మోసింది నేనే. నా మనసంత దాంట్లనే ఉన్నది. ఇడిసిపెట్టి యాడికి పోత?"

మధుసూదన్ ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. అయిదేళ్ల తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది. ఒకరి ఆకలి మీద డాక్టరవుతున్నానన్న సిగ్గు వెంటనే తగిలింది. కాని దాన్ని రాసుకోవడానికి ఏ అధ్యాయంలోనూ చోటు లేదు.

రికార్డరు ఆపాడు. "చాలా బాగా చెప్పారు యాదయ్యా. నాకింకేం అడగాల్సింది లేదు."

"నాలుగూ మంచిగనే అయినయా సారు?"

"బ్రహ్మాండంగా అయ్యాయి."

యాదయ్య కళ్లు తుడుచుకున్నాడు. కవరులోంచి రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు తీసి జాగ్రత్తగా నోట్‌బుక్ మీద పెట్టాడు.

"ఇవెందుకు?" అన్నాడు మధుసూదన్.

"నౌకరీల ఎప్పుడు చేరాలె సారు?"