ముప్పై ఎనిమిది

చివరి రోగిని పంపించి నర్సమ్మ వీధి తలుపు గడియ పెట్టింది. అది రెండే గదుల పల్లెటూరి ఆసుపత్రి. లోపలి గదిలో పెద్ద డాక్టరుగారు ఇంకా ఏదో రాసుకుంటున్నారు. బరువు చూడందే ఎవరినీ తన దగ్గరికి పంపకూడదని ఆయన పట్టు.

లైటు ఆర్పబోతూ ఆమె బరువు మిషను వైపు చూసింది. దాని మీద ఎవరూ లేరు. ముల్లు మాత్రం ముప్పై ఎనిమిది దగ్గర నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళలో ఆ మిషను ఏనాడూ అబద్ధమాడలేదు.

"నీకూ ముసలితనం వచ్చిందటే?" అంటూ బొటనవేలితో తట్టింది. ముల్లు కాస్త వణికి, మళ్ళీ ముప్పై ఎనిమిదికే వచ్చి ఆగింది, ఎవరో ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డట్టు. నర్సమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతలో ముల్లు గిర్రున సున్నాకి తిరిగింది. లోపలి గది కర్టెను పక్కకి తొలగింది.

"రండమ్మా, కూర్చోండి. ఏమిటి బాధ?" అన్నారు డాక్టరుగారు.

కుర్చీ కిర్రుమంది. తర్వాత చాలాసేపు ఏ మాటా లేదు. మధ్యమధ్య ఆయన ఊఁ కొట్టడం మాత్రం వినిపించింది.

నర్సమ్మ వీధి తలుపు దాకా వెళ్ళింది గానీ గడియ తీయడానికి చెయ్యి రాలేదు.

"అమ్మాయ్! ఈవిడ బరువు నువ్వు చూశావట కదా, చీటీ మీద రాయలేదేం? ఇలా రా."