ఏడో కప్పు

"పోపు వాసన మీద రెండు కంప్లైంట్లు వెళ్ళాయట. ఈ నెలతో అగ్రిమెంటు అయిపోతోంది కదా, ఇల్లు మళ్ళీ మనకి ఇవ్వాలో వద్దో ఓనర్ వాళ్ళ నాన్న వచ్చి చూసి చెప్తాడట," అన్నాడు కృష్ణప్రసాద్ బూట్లు వేసుకుంటూ.

"ఎప్పుడు?"

"ఇవాళే. మూడింటికి."

అరుంధతి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆమె తెనాలి నుంచి సింగపూర్ వచ్చి నాలుగు నెలలే అయింది. వైటూకే హడావిడి ముగిసిన మరుసటి ఏడాది అది. జురాంగ్ వెస్ట్‌లో ఈ ఫ్లాట్ దొరకడానికే మూడు నెలలు పట్టింది. ఇది పోతే కృష్ణప్రసాద్ మళ్ళీ స్నేహితుల గదిలో చాప పరుచుకోవాలి. అరుంధతి తెనాలికి తిరుగు టికెట్ కొనుక్కోవాలి.

"ఇవాళ పోపు పెట్టకు. టీ ఇవ్వు. కప్పులో ఇవ్వు, గ్లాసులో కాదు. సగానికే పొయ్యి. టీ దగ్గరే మనిషి ఏపాటివాడో తెలిసిపోతుందని మా ఆఫీసులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు."

"టీకి రెండు రోజులా?"

"ఒకరోజు టీకి. ఇంకోరోజు ఫోర్కుకి."

అతను ఆఫీసుకి వెళ్ళే రైలు కోసం పరుగెత్తాడు.

సరిగ్గా మూడింటికి చైనీస్ ముసలాయన వచ్చాడు. నిక్కరు, బనీను, రబ్బరు చెప్పులు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, వంటింట్లోకి ఒకసారి తొంగిచూసి, కుర్చీలో కూర్చున్నాడు. ఇంగ్లీషు రెండు ముక్కలకు మించి రాదు.

అరుంధతి పెళ్ళిలో వచ్చిన పింగాణీ కప్పు తీసింది. అల్లం వేసిన టీ సగం కప్పు పోసింది.

ముసలాయన రెండు వేళ్ళు మడిచి టేబుల్ మీద టకటకా కొట్టాడు.

చాలదు కాబోలు. ఇంకొంచెం పోసింది.

మళ్ళీ టకటక.

అంచు దాకా పోసింది. సాసర్లోకి తొణికింది.

ఆయన తాగి కప్పు కింద పెట్టాడు. అతిథి ముందు ఖాళీ కప్పు చూస్తూ ఊరుకోవడం అరుంధతి పుట్టింట్లో లేదు. వెంటనే పోసింది.

టకటక.

మూడో కప్పుకి ఆమెకు ఒళ్ళు మండింది. నోరు విప్పి అడగడానికి నామోషీయా? ఎదురుగా నిలబడింది పనిమనిషా?

"వెరీ నైస్," అన్నాడాయన నుదుటి చెమట తుడుచుకుంటూ.

నాలుగో కప్పు. అయిదో కప్పు. పాలు అయిపోయాయి.

అరుంధతి ఎదుటి ఫ్లాట్ తలుపు తట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చిన అక్తర్ బేగం ఉండేది అందులోనే.

"అక్కా, పాలు."

"ఎంతమంది వచ్చిండ్రు?"

"ఒక్కడే. అయిదు కప్పులు తాగాడు. టేబుల్ కొట్టి కొట్టి పోయించుకుంటున్నాడు."

"కొట్టుడేంది?"

అరుంధతి తలుపు మీద కొట్టి చూపించింది.

"నవాబుల ఇండ్లల్ల కూడా గట్ల పిలువరు," అంటూ అక్తర్ బేగం పాల ప్యాకెట్ చేతిలో పెట్టింది. "పొయ్యి, పొయ్యి. ఇల్లు చేతిల పడ్డంక కూసోని తిట్టుకుందాం."

ఆరో కప్పు.

ఏడో కప్పు ఆయన కళ్ళు మూసుకుని తాగాడు. తర్వాత లేచి, ఖాళీ కప్పును రెండు చేతులతో అరుంధతికి అందించి, గబగబా లిఫ్టు వైపు నడిచాడు.

సాయంత్రం కృష్ణప్రసాద్ వచ్చేసరికి అక్తర్ బేగం, ఆమె కూతురు సహర్ అక్కడే ఉన్నారు.

"ఏమైంది?"

"ఏమవుతుంది? పెట్టె సర్దుకోవడమే," అంది అరుంధతి. "ఇంత మొరటు మనిషిని ఎక్కడా చూళ్ళేదు. పోసినప్పుడల్లా ఇదిగో, ఇలాగే."

ఆమె ముసలాయనలా కూర్చుని వేళ్ళు మడిచి టేబుల్ కొట్టింది.

ఇక్కడే పుట్టి పెరిగిన సహర్ పకపకా నవ్వింది.

"ఆంటీ, అది థాంక్యూ లా," అంది, సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే 'లా' తగిలించి.

"ఏది?"

"అదే. మా చైనీస్ ఫ్రెండ్ మెయ్ లింగ్ వాళ్ళింట్లో ఎవరైనా టీ పోస్తే అందరూ అట్లనే కొడతరు. మాట్లాడకుండా థాంక్స్ చెప్పుడు."

"చాలదని కాదా?"

"కాదు ఆంటీ."

"అయితే నేను పోసినకొద్దీ..."

"ఆయన థాంక్స్ చెప్పినకొద్దీ నువ్వు పోసినవ్," అంది అక్తర్ బేగం. నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది.

అరుంధతి కొంగులో మొహం దాచుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది.

"యెస్, మిస్టర్ లిమ్," అన్నాడు కృష్ణప్రసాద్ ఓనర్‌తో.

అతను చాలాసేపు విని ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"రెండేళ్ళకి రాసిస్తాడట. ఇంత మర్యాద తెలిసిన ఇల్లు తను చూళ్ళేదని వాళ్ళ నాన్న చెప్పాడట."

అక్తర్ బేగం అరుంధతిని కావలించుకుంది.

"మరి పోపో?"

"వంటింటి తలుపు వేసుకుని పెట్టుకోమన్నాడు."

"ఆదివారం ఆయన్ని మళ్ళీ రమ్మనండి. ఈసారి ఒక్క కప్పే పోస్తాను."

"ఆదివారానికి లేచి తిరిగితే చూద్దాం," అన్నాడు కృష్ణప్రసాద్. అతని గొంతు తగ్గింది. "చిన్నప్పటి నుంచీ ఆయనకి పాలు పడవట. ఇంటావిడ అంత ప్రేమగా పోస్తుంటే వద్దనడం మర్యాద కాదని ఏడు కప్పులూ తాగేశాడట."