కళ్ళున్న ఆటగత్తె

ఏలూరు దాటాక రైలు కుదుపుకి పెర్సిస్ ఒళ్ళోంచి బంతి జారిపోయింది.

లోపలి గజ్జెలు గలగలమంటుండగా తెరిచి ఉన్న తలుపు వైపు దొర్లింది.

అక్కడ నిలబడ్డ యువతి ఒక్క దూకు దూకి, నేలమీద పడి, రెండు చేతులతో దాన్ని పట్టేసింది.

"అయ్యో, దెబ్బ తగిలిందా తల్లీ?" అంది పెర్సిస్ తల్లి సారమ్మ.

"అలవాటేనండీ." బంతిని పెర్సిస్ చేతుల్లో పెట్టింది. "తాడేపల్లిగూడెం ఫుట్‌బాల్ సెలక్షన్‌కేనా?"

"అవునమ్మా. మా పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. గజ్జెల చప్పుడు విని ఆడుతుంది. ఎంపికైతే చదువూ ఆటా అకాడమీ వాళ్ళే చూస్తారట. కిందటేడు హాస్టల్ సీటు ఎవరో దొంగ సర్టిఫికెట్‌తో తన్నుకుపోయారు. ఇక ఇదొక్కటే ఆశ. మరి నువ్వో?"

"నేనూ అంధుల జట్టేనండీ."

సారమ్మ ఆమె కళ్ళలోకి చూసింది.

"నీకు చూపు ఆనదా?"

"బాగానే ఆనుతుందండీ. మా ఆటలో ఏంటంటే..."

"చాల్లే! కళ్ళుండి గుడ్డిపిల్లల కూట్లో చెయ్యి పెడతావా? పైగా వికలాంగుల పెట్టె ఎక్కావు!"

"బండి కదిలిపోతుంటే పరిగెత్తి ఎక్కేశానండీ. ఒక్కమాట వినండి..."

"ఇలాంటోళ్ళ వల్లేనండీ మన పింఛన్లూ పోతున్నాయి," అందుకున్నాడు ఎదుటి సీట్లోని చంకకర్రల పాపారావు.

"ఆవిణ్ణి చెప్పనీయవే అమ్మా," అంది పెర్సిస్.

"నీకు కనపడదు. నువ్వూరుకో."

భీమడోలులో సారమ్మే టీసీని పిలిచింది.

అతను ఆ యువతిని దింపేశాడు. ఆమె పక్క పెట్టె అందుకునేలోపే రైలు కదిలిపోయింది.

గూడెం గ్రౌండ్‌లో పిల్లలందరూ వరసగా కూర్చున్నారు. ఎంతసేపటికీ ఆట మొదలవలేదు.

చివరికి సెలక్టర్ ప్రసాదరావు లేచాడు.

"గ్రౌండు ఖాళీ చెయ్యాలట. ఇవాళ్టికి సెలక్షన్ లేదమ్మా."

పెర్సిస్ బంతిని గుండెకి హత్తుకుంది.

"అదేంటండీ! ఇంత దూరం వస్తే!" అంది సారమ్మ.

"గోల్‌లో నిలబడి, మీ పిల్లల షాట్లు చూసి, ఎవర్ని తీసుకోవాలో చెప్పే మనిషి రాలేదమ్మా."

"ఆ సంగతేమో గానీ, మీ జట్టులో కళ్ళున్న దొంగ ఒకతె ఉందండీ. భీమడోలులో నేనే దింపించేశాను."

ప్రసాదరావు ఖాళీ గోలు వైపు చూశాడు.

"అంధుల ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ ఒక్కరికే కళ్ళుండాలమ్మా," అన్నాడు మెల్లగా. "మీరు దింపించింది మన దేశపు గోల్‌కీపర్‌ని."