వంతెన మీద జోకు

ఆమె తనను మోసం చేస్తోందని అతనికి ఒక జోకు వల్ల తెలిసింది.

ఆ సాయంత్రం కూడా మామూలుగానే కళ్లజోళ్ల షాపు మూసి ఇంటికి వచ్చాడు. మొహం కడుక్కుని సోఫాలో తన వైపు కూర్చున్నాడు. ఆమె అప్పటికే టీవీ పెట్టి, రెండో కంట్రోలరు అతనికి అందేలా ఉంచింది. ఆట మొదలయింది. ఆటతో పాటు పోట్లాటా మొదలయింది.

ఆ తుపాకుల ఆట నాలుగో భాగం వచ్చిన దగ్గర్నుంచీ ఆడేవాళ్లంతా రెండు జట్లయిపోయారు. జోకులు పాచిపోయాయని ఒక జట్టు, ఇంత బాగా ఎప్పుడూ లేవని ఇంకో జట్టు. కథ నత్తనడక అని కొందరు, నిదానమే ప్రధానమని కొందరు. ఈ సోఫాకి ఆ చివర ఒక జట్టు ఉంది, ఈ చివర ఇంకోటి ఉంది.

“మూడో భాగం రాసినవాడు రచయిత. ఇది రాసినవాడికి గంటల లెక్కన కూలి ఇచ్చి ఉంటారు,” అన్నాడతను, ఒక శత్రువుని కాల్చి పడేస్తూ. “నాలుగడుగులు వేస్తే చాలు, ఎవడో ఒకడు నిలబెట్టి చిన్నప్పటి కష్టాలు చెబుతాడు. దానికి తోడు ఆ డబ్బా ఒకటి.”

డబ్బా అంటే ఆటలో వెంట తిరిగే మరమనిషి. దానికి ఒక కన్ను వెలగదు. నోరు మాత్రం మూతపడదు.

“డబ్బాని ఏమీ అనకు,” అందామె. “వంతెన కూలినప్పుడు దాని కాళ్లు విరిగిపోతాయా, ‘నన్ను వదిలేసి వెళ్లిపోండి’ అంటుంది. అందరూ ఏడుపు మొహాలు పెడతారు. ‘కాస్త మెల్లగా వెళ్లండి, నేనూ వస్తాను’ అంటుంది.” చెబుతూ చెబుతూనే నవ్వేసింది.

అతను నవ్వలేదు.

“ఏ వంతెన?”

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

వాళ్లింకా మూడో అధ్యాయంలోనే ఉన్నారు. ఇంతవరకూ ఆటలో ఒక్క వంతెనా రాలేదు.

రెండు కుటుంబాలూ పెళ్లి మాటలకి కూర్చున్న రోజునే వీళ్లిద్దరికీ కుదిరిపోయింది. మిగిలినవాళ్లు ఎవర్ని పిలవాలి, ఎవర్ని మానాలి అని తర్జనభర్జన పడుతుంటే, వీళ్లు ఓ మూల చేరి రెండో భాగం ముగింపు మీద వాదించుకున్నారు. ఇక వేరే సంబంధం చూడక్కర్లేదని అతను ఆ క్షణాన్నే అనుకున్నాడు. మూడో భాగం ఇద్దరూ కలిసే ముగించారు. నాలుగోది కొన్న రోజున ఒట్టు పెట్టుకున్నారు, ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదని.

ఆ ఒట్టు కోసం పాపం అతను ఎన్ని పడ్డాడు! షాపుకొచ్చిన కాలేజీ పిల్లలు కథ చెప్పబోతే చెవులు మూసుకుని లోపలికి పారిపోయాడు. ఇంట్లో మిగతావాళ్లు ఆ తుపాకుల మోత పడలేక తలుపులు ధడాలున వేసుకుంటుంటే, దులపరించుకుని కూర్చున్నాడు.

కంట్రోలరు తీసుకుని, సేవ్ చేసిన ఆటల వరస తెరిచాడు. వాళ్లిద్దరి ఆట కింద ఇంకోటి కనబడింది. నొక్కాడు. ఎనిమిదో అధ్యాయం. తెర అడుగున పాత్రల మాటలు ఇంతింత లావు అక్షరాల్లో పడుతున్నాయి. కళ్లజోళ్లు అమ్మేవాడికి ఆ అక్షరాలు చూస్తే చాలదూ?

“ఎవడా గుడ్డివాడు?”

“మర్యాదగా మాట్లాడు. ఆయనకి చత్వారం, అంతే.”

ఆయనట! గౌరవాలు కూడా మొదలయ్యాయన్నమాట. అతనికి ఒళ్లు మండిపోయింది.

“ఎన్నాళ్లుగా?”

“వానలు మొదలైనప్పటి నుంచి. మధ్యాహ్నాలు.”

“నేను షాపులో అద్దాలు తుడుచుకుంటూ ఉంటే, ఇక్కడ, ఇదే సోఫాలో, నా కంట్రోలరుతో.”

ఆమె తల దించుకుంది. “మోత తగ్గించమని చెప్పడానికే వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే డబ్బా ఏదో అంది. ఫక్కున నవ్వారు. ఆ తర్వాత కూర్చున్నారు.”

ఇంకెవడు? పక్క ఫ్లాటు పెద్దమనిషే. లిఫ్టులో కనబడితే వంకరగా ఓ నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుకి అర్థం ఇదన్నమాట, అనుకున్నాడతను.

“నాకన్నా బాగా ఆడతాడా?”

“ఆడటమా? తుపాకీ ఎత్తేలోపు మూడుసార్లు చచ్చిపోతారు. కానీ నువ్వు ఎవరైనా నోరు తెరిస్తే చాలు, బటన్ నొక్కి దాటేస్తావు. నీకు ఎప్పుడూ తొందరే. ఆయన ప్రతి మాటా చివరిదాకా వింటారు. జోకు అర్థం కాకపోతే మళ్లీ మొదటికి తిప్పమంటారు.”

జోకులు పేలవం, కథ నత్తనడక అంటూ ఇన్నాళ్లూ తను తిట్టిపోసినవే ఆమెకి నచ్చాయి. నచ్చితే నచ్చనీ, వాటి కోసం ఇంకొకడిని తెచ్చి తన చోట కూర్చోబెట్టుకుంది. నమ్మినందుకు మంచి శాస్తే జరిగింది.

“ఇవాళ్టితో ఆ మధ్యాహ్నాలు బంద్,” అన్నాడు. “ఈ సోఫాలో ఉంటే నేనుండాలి, లేకపోతే ఆయనుండాలి.”

ఆమె తెర వైపు చూసింది. తెర మీద డబ్బా ఒంటికన్ను ఆర్పి వెలిగిస్తూ, ఎవరో ఒకరు బటన్ నొక్కుతారేమోనని నిలబడి ఉంది.

“అలిగితే అలుగు, తిడితే తిట్టు, ఆపమని మాత్రం అనకు,” అంది. “ముప్పై ఏళ్ల కాపురంలో మీ మామయ్య నా పక్కన కూర్చుని పగలబడి నవ్వడం ఇదే మొదటిసారి, అల్లుడూ.”