ఏరకుండా కొన్న చేపలు

“ఆ బుట్టలో సెయ్యెట్టకు!”

చిట్టమ్మ అరుపుకి రేచల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నీయి నాను తీత్తాను కదా, ఆగలేవేటి? అయి వల్లో నలిగిపోయినయ్యి. మా ఇంటికీ, పేటోళ్ళకీ.”

కత్తిపీట పక్కకి జరిపి, వెనకాల తడి గోనెపట్టా కింద నుంచి నాలుగు కానాగంత చేపలు తీసింది చిట్టమ్మ. కళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి వాటికి.

“కోసియ్యనా?”

“వద్దు పిన్నీ. మా అత్తగారే కోసుకుంటారు.”

“ఎప్పుడూ మీ అత్తేనా? మా కత్తికేటి రోగం?” నవ్వుతూ రేచల్ పొట్ట వైపు చూసింది. “ఆరో నెల పడిందా? తోకముక్క మీ ఆయనకి పడేసి, నడిముక్క నువ్వు తిను.”

పక్కనే వల బాగుచేసుకుంటున్న చిట్టమ్మ మొగుడు కోటి అందుకున్నాడు.

“నాకు నలిగిపోయినయ్యి, ఆయమ్మకి మంచియ్యి. ముప్పై ఏళ్ళు కాపరం సేత్తే ఇదీ మర్యాద!”

“నీకూ కడుపొత్తే నీకూ మంచియ్యే ఎడతాను. నోర్మూసుకుని వల కుట్టు.”

రేచల్ నవ్వింది గానీ, చూపు కోటి చేతుల మీదే ఉంది. అరచేతులు బీటలు వారి, సందుల్లో నెత్తురు కనబడుతోంది. గుడ్డపేలికలు చుట్టుకుని సూది లాగుతున్నాడు.

రేచల్ ఇంట్లో ఆ చేపల్ని చూసినవాళ్ళు లేరు. గురువారం గురువారం అవి ఐసుపెట్టెలో పడుకుని, తిన్నగా యూనివర్సిటీ ప్రయోగశాలకి పోయేవి.

పోయిన వానాకాలం నడిసముద్రంలో చమురు బావి దగ్గర పైపు కారింది. కొద్దిగానే కారిందనీ, సముద్రం కలిపేసుకుందనీ కంపెనీ అంది. గాలి ఇటే తోలడంతో నూనె ఈ పేట ఒడ్డుకే కొట్టింది. పక్క రేవు భీమిలి దాకా పోలేదు. అప్పట్నుంచీ ఇసకలో నల్లటి తారుముద్దలు. మగాళ్ళ చేతులకి పుళ్ళు, పిల్లలకి తగ్గని దగ్గు. పైపుకీ, చేపకీ, మనిషి జబ్బుకీ ముడి ఉందని తేల్చితే కంపెనీ పైపు మార్చాలి, పేటంతటికీ వైద్యం చేయించాలి. తేల్చకపోతే ఫైలు మూసేస్తారు.

“పరీక్షకని చెబితే శుభ్రమైనవి చూసి ఇస్తారమ్మా,” అని మొదటి రోజే హెచ్చరించాడు ప్రొఫెసర్ దయానందం. “మామూలు మనిషిలా వెళ్ళి కొను. నువ్వు మాత్రం ఏరకు. ఏది ఇస్తే అది పుచ్చుకో.”

నాలుగు నెలలూ రేచల్ ఆ మాట తప్పలేదు.

ఫలితాలు వచ్చిన రోజు దయానందం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“పేటవాళ్ళ రక్తంలో ఆ నూనె విషం ఉంది. చేపల్లో లేదు.”

“ఒక్కదాన్లో కూడానా సార్?”

“ఒక్కదాన్లో కూడా. మధ్య ముడి ఊడిపోయింది. కంపెనీవాళ్ళు బీడీ పొగ అంటారు, బోటింజను పొగ అంటారు. మన దగ్గర జవాబేదీ?”

“ఇంకోసారి చేద్దాం సార్.”

“ఎల్లుండే రిపోర్టు. ఏం తప్పు జరిగిందని ఆపమంటావు? అంతా పద్ధతిగానే చేశాం కదా.”

మర్నాడు రేచల్ ఐసుపెట్టె లేకుండా పేటకి వచ్చింది.

“ఇయాల గురువారం కాదు కదేటి?” అంది చిట్టమ్మ బుట్ట దించుకుంటూ.

“నీకు అబద్ధం చెప్పాను పిన్నీ.” ఇసకలోనే కూలబడి రేచల్ మొత్తం చెప్పేసింది. ప్రయోగశాల, పరీక్ష, పైపు, అన్నీ.

అంతట్లో చిట్టమ్మకి తగిలింది ఒక్కటే.

“అయితే ఒక్క ముక్కా తిన్లేదా?”

“లేదు.”

“పులుసులో మాడికాయేసేనన్నావు! మీ ఆయన రెండోసారి అన్నం ఎట్టించుకున్నాడన్నావు!”

“తప్పే పిన్నీ.”

కోటి వల కింద పడేసి లేచాడు. “ఆ గొడవ తర్వాత పడుదురు. అమ్మా, మరి నా సేతులకి మందియ్యరా?”

“చేపల్లో నూనె లేదని తేలింది బాబాయ్. సముద్రానికీ మీ జబ్బుకీ సంబంధం లేదనే రాస్తారు. రేపే రిపోర్టు.”

“లేపోడమేటి! మా ఇంట కూర గిన్ని మూత తీత్తే కిర్సనాయిలు కంపు!”

“నేను కొన్నవాటిలో లేదు. అన్నీ ఇక్కడే, పిన్ని చేత్తోనే కొన్నాను. నా అంతట నేను ఒక్కటీ ఏరలేదు.”

కోటి పెళ్ళాం వైపు తిరిగాడు. చిట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

“ఏటే, ఆయమ్మకి నువ్వేటిచ్చినావు?”

చిట్టమ్మ వచ్చి రేచల్ ముందు చతికిలబడింది. చేపపొలుసు అంటిన చేతిని చీరకి తుడుచుకుని, ఆ పిల్ల పొట్ట మీద మెల్లగా వేసింది.

“మొదటి రోజు సేపల వాసనకి నువ్వు డోకుకున్నప్పుడే తెలిసింది నాకు, నీకు కడుపని.” దించిన బుట్ట వైపు చూసి మళ్ళీ అంది.

“నీకిచ్చినయ్యన్నీ భీమిలి సేపలు తల్లీ.”